గుడ్డు తాజాదో కాదో చూసే క్యాండ్లింగ్ లైట్: 8 నెలలు వాడాక రాస్తున్నా

ఈ లైట్ కొని 8 నెలలైంది. వచ్చిన రోజే రెండు ముక్కలు రాసేద్దామనుకున్నా కానీ అప్పుడే పెట్టిన గుడ్డుని ఏ లైట్‌లో చూసినా బానే కనిపిస్తుంది కదా, అందుకే ఆగా. మా పెరట్లో 9 పెట్టలు ఒక పుంజు ఉన్నాయి. బుట్ట నిండిపోయి గుడ్లు ఎక్కడ పెట్టాలో తెలీని రోజులు, పెట్టలన్నీ ఒకేసారి గుడ్లు మానేసిన రోజులు, ఎండలు, వానలు, ఎవరికీ తెలీకుండా దాచిపెట్టుకున్న గుడ్లు దొరికిన రోజు, ఇవన్నీ అయ్యాక ఇప్పుడు రాస్తున్నా. కొంచెం పొడుగే అవుతుంది. కొనేముందు నేను వెతికితే అందరూ "సూపర్", "లైట్ బాగా వస్తోంది" అని రాశారు తప్ప ఆ లైట్‌లో అసలు ఏం చూడాలో, చూసింది ఎంతవరకు నమ్మాలో ఒక్కళ్ళూ రాయలేదు, నాకు కావాల్సింది అదే.

వస్తువు గురించి ముందు చెప్పేస్తా. చిన్న టార్చి లాంటిది, అరచేతిలో పట్టేస్తుంది, ముందువైపు ఒక ఎల్ఈడీ, దాని చుట్టూ మెత్తటి రబ్బరు కప్పు. గుడ్డు లావుగా ఉండే వైపుని ఆ కప్పులో ఆనించి చీకటి గదిలో బటన్ నొక్కితే గుడ్డంతా లోపల్నించి నారింజ రంగులో వెలుగుతుంది. పూర్వం కొవ్వొత్తి ముందు పెట్టి చూసేవాళ్ళు కాబట్టి క్యాండ్లింగ్ అన్న పేరు వచ్చింది, ఇప్పుడు కొవ్వొత్తి పోయి ఎల్ఈడీ వచ్చింది, పేరు మాత్రం అదే. యూఎస్‌బీ కేబుల్‌తో చార్జ్ అవుతుంది. ఒకసారి చార్జ్ పెడితే నాకు మూడు వారాలు ఈజీగా వస్తోంది, రోజూ ఓ పది గుడ్లు చూస్తా.

అసలు దీని అవసరం ఎందుకొచ్చిందంటే, పెరటి కోళ్ళున్న వాళ్ళకి తెలుసు, కొట్లో కొన్న గుడ్లకి డబ్బా మీద డేట్ ఉంటుంది, మన గుడ్డు మీద ఏమీ ఉండదు. నేను తెచ్చి బుట్టలో ఎడమవైపు పెడతా, మా ఆవిడ వచ్చి ఖాళీ ఉన్న చోట పెడుతుంది, పిల్లాడు తెచ్చినవి అన్నిటిపైన పెట్టేస్తాడు, తీసేటప్పుడు చేతికందింది తీస్తాం. అలా ఎక్కడో అడుగున ఒక గుడ్డు ఎన్నాళ్ళ నించి ఉందో ఎవరికీ తెలీదు. ఒకరోజు మా ఆవిడ గిన్నెలో నాలుగు మంచి గుడ్లు కొట్టి ఐదోది కొట్టింది, అది మురిగిపోయింది, నాలుగూ దాంతోపాటు పారబోయాల్సి వచ్చింది. కోడి పెట్టిన గుడ్డుని మన అజాగ్రత్త వల్ల పారేయడం నాకు చాలా బాధనిపించింది. ఆ రోజే వెతకడం మొదలుపెట్టా.

అంతకుముందు మేం నీళ్ళ పరీక్ష చేసేవాళ్ళం, అందరికీ తెలిసిందే, గిన్నెలో నీళ్ళు పోసి గుడ్డు వెయ్యడం. తాజా గుడ్డు అడుక్కెళ్ళి అడ్డంగా పడుకుంటుంది, కొన్నాళ్ళు పోయాక లావువైపు కొంచెం పైకి లేస్తుంది, ఇంకా పోతే అడుగునే నిలబడుతుంది, బాగా పాతదైతే పైకి తేలుతుంది. ఇది వట్టి నమ్మకం కాదు, లెక్క ఉంది. గుడ్డు పెంకు చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ దానికి కొన్ని వేల సన్నటి రంధ్రాలుంటాయి, ఒక్కో గుడ్డుకి 7,000 నించి 17,000 దాకా ఉంటాయని చెప్తారు. వాటిలోంచి లోపలి తడి రోజూ కొంచెం కొంచెం ఆవిరై బయటికి పోతుంది, పోయిన చోటికి గాలి వస్తుంది. పెంకు గట్టిది కాబట్టి గుడ్డు సైజు తగ్గదు, బరువు మాత్రం తగ్గుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డు అంతే సైజు నీళ్ళకంటే నూటికి 8 పాళ్ళు ఎక్కువ బరువుంటుంది, ఆ తేడా కరిగిపోయిన రోజున తేలుతుంది.

మరి నీళ్ళ పరీక్ష అంత బాగుంటే లైట్ ఎందుకు అని మా పక్కింటి పిన్నిగారు కూడా అడిగారు. నీళ్ళలో వేసిన గుడ్డుని మళ్ళీ దాచుకోలేం, అదీ నా సమస్య. గుడ్డు బయటికొచ్చేటప్పుడు దాని మీద ఒక సన్నటి పూత ఉంటుంది, తడిగా వచ్చి నిమిషాల్లో ఆరిపోతుంది, ఆ పూతే రంధ్రాలన్నిటికీ మూతలా పనిచేసి బయటి క్రిముల్ని లోపలికి పోనివ్వదు. నీళ్ళలో నానబెట్టి తుడిస్తే ఆ పూత పోతుంది. పైగా గుడ్డు వెచ్చగా ఉండి నీళ్ళు చల్లగా ఉంటే లోపలి పదార్థం ముడుచుకుని పెంకు మీదున్న మురికినీటిని రంధ్రాల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. అంటే తాజాదా కాదా అని చూడబోయి తాజా గుడ్డుని మనమే పాడుచేసినట్టు. ఇప్పుడే వండేసే గుడ్డుకైతే నీళ్ళ పరీక్ష చక్కగా సరిపోతుంది, దాచుకోవాల్సిన 30 గుడ్లలో ఏది ముందు వాడాలో తేల్చుకోవాలంటే మాత్రం గుడ్డుకి చుక్క నీరు తగలకుండా చూడాలి, ఈ లైట్ చేసేది ఆ పనే.

చెవి దగ్గర పెట్టి ఊపి చూడ్డం కూడా చాలామంది చేస్తారు, లోపల గలగలమంటే పాతది అని. నేనైతే మానేశా. బాగా పాతబడే దాకా ఏమీ వినపడదు, ఊపితే లోపలున్న సన్నటి పొరలు అనవసరంగా దెబ్బతింటాయి, అంతే.

ఇక లైట్‌లో ఏం కనిపిస్తుందో చెప్తా, నాకు ఇష్టమైన భాగం ఇది. లైట్ వచ్చిన మర్నాడు పొద్దున్నే గూట్లో కూర్చున్న పెట్ట లేచి కేకేసింది, వెంటనే వెళ్ళి ఆ గుడ్డు తీసుకున్నా, చేతిలో వెచ్చగా, పైన ఇంకా కొంచెం తడి మెరుపు ఉంది. స్టోర్ రూమ్‌లో తలుపేసుకుని లైట్ మీద పెట్టా. గుడ్డు మొత్తం ఒకటే వెలుగు, పైనించి కింద దాకా ఎక్కడా గీత లేదు, నీడ లేదు, లావువైపు గాలి గది అన్నదే లేదు. అలాగే పక్కన పెట్టి గంట తర్వాత చూశా. లావువైపు కొసన సన్నటి చంద్రవంకలాగా ఒక తేటగా ఉన్న చోటు వచ్చింది, దాని అంచు మిగతా గుడ్డుకి విడిగా గీత గీసినట్టు తెలుస్తోంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, బయటికొచ్చి చల్లారేసరికి లోపలి పదార్థం కొంచెం ముడుచుకుంటుంది, పెంకుకి అంటుకుని ఉన్న రెండు పొరలు లావువైపున విడిపోయి మధ్యలోకి గాలి చేరుతుంది. ఆ గది పుట్టడం నేను కళ్ళారా చూశా. అక్కణ్ణించి ఆ గది రోజూ పెరుగుతూనే ఉంటుంది, గుడ్డుకి ఉన్న క్యాలెండర్ అదే.

ఆ క్యాలెండర్ ఎంతవరకు నమ్మొచ్చో చూడాలని 12 గుడ్లు విడిగా తీసిపెట్టా. అన్నీ రెండు రోజుల్లో పెట్టినవే. ప్రతిదాని మీద పెన్సిల్‌తో తేదీ రాశా, 6 వంటింట్లో అరమీద, 6 ఫ్రిజ్‌లో, అన్నీ లావువైపు పైకి ఉండేలా. మూడు నాలుగు రోజులకోసారి లైట్ మీద పెట్టి గాలి గది అంచు ఎక్కడుందో పెన్సిల్‌తో పెంకు మీదే గీత గీసేవాణ్ణి. మూడో వారం వచ్చేసరికి బయట పెట్టిన గుడ్ల మీద గీతలు ఒకదాని కింద ఒకటి మెట్లలాగా దిగిపోయాయి, ఫ్రిజ్‌లో వాటి మీద గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బయట ఒక్క రోజు ఉంటే ఫ్రిజ్‌లో వారం ఉన్నంత పాతబడుతుందని వినేవాణ్ణి, ఆ గీతలు పక్కపక్కన పెట్టి చూశాక పూర్తిగా ఒప్పుకున్నా. స్కేలు పెట్టి కొలిస్తే బయటి గుడ్లలో మొదట్లో 3 మిల్లీమీటర్లు ఉన్నది 20 రోజులకి 9 దాటింది, ఫ్రిజ్‌లోవి 5 దగ్గరే ఉన్నాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి ఇక్కడ. గాలి గది చూసి "ఇది 11 రోజుల గుడ్డు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎండలు మండే రోజుల్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు తొందరగా పెరుగుతుంది, వాన రోజుల్లో మెల్లగా. పెంకు పల్చగా ఉన్న ముసలి పెట్ట గుడ్డు ఒకలా, ఇప్పుడే గుడ్లు మొదలెట్టిన చిన్న పెట్ట గుడ్డు ఒకలా. ఒకే చోట పెట్టిన గుడ్లలో ఏది ముందుది ఏది తర్వాతది అన్నది మాత్రం లైట్ బాగా చెప్తుంది, నాకు రోజూ కావాల్సింది కూడా అంతే. అమ్మే గుడ్లకి గ్రేడ్ ఇచ్చే వాళ్ళు కూడా ఈ గదినే కొలుస్తారు, అమెరికాలో అన్నిటికంటే పై గ్రేడ్ రావాలంటే గాలి గది లోతు సుమారు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, యూరప్‌లో క్లాస్ ఏ గుడ్డుకి 6 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండు అంకెలు నేను లైట్ డబ్బా మీద రాసి అతికించుకున్నా. 6 లోపు ఉంటే నిశ్చింతగా వాడతాం, దాటితే ఆ వారంలోనే బాగా ఉడికించి తినేస్తాం, గుడ్డులో మూడో వంతు గాలే ఉంటే మాత్రం విడిగా గిన్నెలో కొట్టి చూడందే వాడం.

గాలి గది తర్వాత చూడాల్సింది పచ్చసొన నీడ. గుడ్డుని లైట్ మీద ఉంచి మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. తాజా గుడ్డులో తెల్లసొన చిక్కగా ఉండి పచ్చసొనని మధ్యలో పట్టుకుని ఉంటుంది కాబట్టి ఏదో మసక నీడ నడుమ మెల్లగా కదిలినట్టు ఉంటుంది, అంచు తెలీదు. రోజులు గడిచేకొద్దీ తెల్లసొన నీరయిపోతుంది, పచ్చసొన బరువు తగ్గినట్టు పైకి తేలి పెంకు దగ్గరికొస్తుంది, అప్పుడు తిప్పితే గుండ్రటి నీడ స్పష్టంగా గబుక్కున ఇటు నించి అటు పరిగెడుతుంది. ఇది మాటల్లో చెప్తే అర్థం కాదు, ఒక ఇవాళ్టి గుడ్డు ఒక మూడు వారాల గుడ్డు పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చూస్తే ఇంక జన్మలో మర్చిపోరు. మా పిల్లాడు రెండో రోజుకే నాకంటే బాగా చెప్పడం మొదలెట్టాడు.

లైట్‌కి పెట్టిన డబ్బులు వసూలైన రోజు ఏదంటే, వెనకాల చెక్కల గుట్ట పక్కన దాచిన గుడ్లు దొరికిన రోజు. ఒక పెట్ట గూట్లో పెట్టడం మానేసిందని గమనించాం కానీ గుడ్లే మానేసిందనుకున్నాం. గడ్డి తీస్తుంటే 11 గుడ్లు, చక్కగా గుండ్రంగా పేర్చుకుని ఉన్నాయి, పైన ఏ పెట్టా పొదగడానికి కూర్చోలేదు. పెట్ట ఒక గుడ్డుకీ ఇంకో గుడ్డుకీ మధ్య కనీసం ఒక రోజు తీసుకుంటుంది, మధ్యలో ఒకటి రెండు రోజులు మానేస్తుంది కూడా, అంటే 11 గుడ్లంటే మొదటిదానికీ చివరిదానికీ కనీసం పది పన్నెండు రోజుల తేడా ఉంటుంది, అన్నీ ఒకే పెట్టవి, ఒకే రంగు, ఒకే సైజు. లైట్ లేకపోతే మేం మొత్తం పారేసేవాళ్ళం. ఆ రాత్రి మంచమ్మీద తువ్వాలు పరిచి ఒక్కోటీ చూసి గాలి గది చిన్నదాన్నించి పెద్దదానికి వరసగా పేర్చాం. మొదటి ఆరింటికీ పెద్ద తేడా లేదు, ఏడోది దగ్గర గది ఒక్కసారిగా పెద్దదైంది, చివరి రెండింట్లో పచ్చసొన నీడ జారిపోతోంది. మొదటి ఆరూ తర్వాత విడివిడిగా కొట్టి చూసుకుని వాడుకున్నాం, ఆరూ బాగున్నాయి. మిగతావి కూడా తెలుసుకోవాలని బయట ఒక పాత గిన్నెలో కొట్టి చూశా, మూడు నీరయిపోయాయి గానీ వాసన లేదు, ఒకదాంట్లో కొట్టగానే పచ్చసొన పగిలిపోయింది, చివరిది కంపు కొట్టింది. లైట్ చెప్పిన వరస ఎక్కడా తప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలకి ఇంకో పెట్ట ఇలాగే చేసింది, ఈసారి పొదుగుతూ దొరికింది. పుంజు ఉన్న ఇంట్లో ఇది వేరే లెక్క. పెట్ట కూర్చుని నాలుగైదు రోజులు దాటితే పిల్ల కట్టిన గుడ్డులో లైట్ పెట్టగానే ఎర్రటి సన్నటి నరాలు సాలెగూడులాగా మధ్యలో ఒక చుక్క నించి అన్ని వైపులకీ పాకి కనిపిస్తాయి, మొదటిసారి చూసినప్పుడు మా ఇంట్లో అందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. 9 గుడ్లలో 5 అలా ఉన్నాయి, వాటిని వెంటనే దాని కింద పెట్టేశాం. 3 ఏమీ కట్టకుండా తేటగా ఉన్నాయి, పెట్ట వేడికి అన్ని రోజులున్న గుడ్డు తినడం మంచిది కాదని తీసేశాం. మిగిలిన ఒకటి లైట్ మీద పెడితే వెలుగే లోపలికి పోలేదు, మొత్తం నల్లగా, గాలి గది అంచు మాత్రం నీళ్ళ గ్లాసు కదిపినట్టు ఊగుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పెరటి చివరికి తీసుకెళ్ళి గుంట తీసి పూడ్చేశా. అలాంటి గుడ్డులో లోపల గ్యాస్ పట్టి ఉంటుంది, పెట్ట కిందే పగిలితే మంచి గుడ్లు కూడా పోతాయి. ఆ ఐదింట్లో నాలుగు పిల్లలయ్యాయి, ఇప్పుడు పెరట్లో తిరుగుతున్నాయి.

సన్నటి పగుళ్ళు కనిపెట్టడానికి కూడా బాగా పనికొస్తుంది, ఇది నేను కొనేటప్పుడు అనుకోలేదు. మామూలు వెలుగులో ఎంత చూసినా కనపడని వెంట్రుక పగులు ఈ లైట్‌లో తెల్లటి గీతలాగా మెరుస్తుంది. పగిలిన గుడ్డు ఎంత తాజాదైనా దాచకూడదు, ఆ పూటే బాగా ఉడికించి వాడెయ్యాలి, లోపలిది కారుతుంటే పారెయ్యాలి. ఇంకోటి, లైట్ పెట్టినప్పుడు కొన్ని గుడ్ల పెంకు మచ్చలు మచ్చలుగా, నూనె చుక్కలు పడ్డట్టు కనిపిస్తుంది, మొదట్లో భయపడి రెండు పక్కన పెట్టేశా, అది పెంకులోకి తడి చేరడం వల్ల వచ్చేది, దాంతో గుడ్డు పాతదని అర్థం కాదు.

ఇప్పుడు బాలేనివి. అన్నిటికంటే పెద్దది, ముదురు గోధుమ రంగు గుడ్లలో ఇది సరిగ్గా పనిచెయ్యదు. మా 9 పెట్టల్లో రెండు బాగా ముదురు రంగు గుడ్లు పెడతాయి, వాటి మీద పెడితే చుట్టూ చీకటి, గాలి గది అంచు కూడా కళ్ళు చికిలించి వెతుక్కోవాలి, పచ్చసొన నీడ సంగతి మర్చిపోవాల్సిందే. నీలం, ఆకుపచ్చ పెంకు గుడ్లకి కూడా ఇదే ఇబ్బంది, గోధుమ రంగు పెంకు పైపైనే ఉంటుంది, నీలం రంగైతే పెంకు లోపలి దాకా ఉంటుంది. కాబట్టి మీ కోళ్ళన్నీ మారన్స్ లాంటి ముదురు గుడ్ల జాతివైతే ఇంకా ఎక్కువ వెలుగున్న మోడల్ చూసుకోండి, ఇందులో వెలుగు ఒకటే లెవెల్, పెంచడానికి లేదు. మేం ఆ రెండు పెట్టల గుడ్లకి మాత్రం పెన్సిల్‌తో తేదీ రాసేస్తున్నాం.

రెండోది ఆ రబ్బరు కప్పు. నాలుగో నెలలో ఊడొచ్చింది. అది లేకుండా వెలుగు పక్కలనించి కారిపోయి కళ్ళలో కొడుతుంది, గుడ్డులో ఏమీ కనపడదు, అంటే ఆ చిన్న రబ్బరు ముక్కే సగం వస్తువు అన్నమాట. అమ్మిన వాళ్ళకి రాస్తే విడి కప్పు ఇవ్వం, కొత్త లైట్ కొనుక్కోండి అన్నారు. జిగురు పెట్టి అతికించా, అప్పట్నించి నిలబడింది కానీ అంత చిన్న భాగం విడిగా దొరక్కపోవడం మాత్రం తప్పే. బటన్ కూడా రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేగానీ వెలగదు, ఒక చేతిలో గుడ్డు ఉన్నప్పుడు చాలా చిరాకు. వేడి సంగతి కూడా చూశా, పది గుడ్లు వరసగా చూస్తే ముందువైపు గోరువెచ్చగా అవుతుంది, పాత బల్బులంత కాలదు కానీ పొదిగే గుడ్డుని ఎక్కువసేపు దాని మీద ఉంచకండి, ఐదారు సెకన్లు చాలు.

మూడోది డబ్బా మీద రాసిన మాట. "పాడైన గుడ్లని కనిపెడుతుంది" అని పెద్దక్షరాలతో ఉంది, ఇది నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే నమ్మి తినేవాళ్ళుంటారు. లైట్ వయసు చెప్తుంది, పగులు చెప్తుంది, లోపల నల్లబడిపోతే చెప్తుంది. సాల్మొనెల్లా లాంటి క్రిమి ఉందా లేదా అన్నది ఏ లైట్‌లోనూ కనపడదు, నీళ్ళలోనూ తెలీదు, వాసన కూడా రాదు, ఇవాళ పొద్దున పెట్టిన గుడ్డులో కూడా ఉండొచ్చు. దానికి ఉడికించడమే మార్గం, పచ్చసొన తెల్లసొన రెండూ గట్టిపడే దాకా, లోపల 71 డిగ్రీలు తగిలే దాకా. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఉంటే ఈ ఒక్క ముక్క మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. లైట్‌తోపాటు వచ్చిన కాగితంలో కూడా పొదిగే గుడ్డు ఏ రోజు ఎలా కనిపిస్తుందో బొమ్మలిచ్చారు గానీ తినే గుడ్డు తాజాదనం గురించి ఒక్క లైన్ లేదు.

అందుకే లైట్ ఉన్నా గుడ్డుని విడిగా చిన్న గిన్నెలో కొట్టి చూసే అలవాటు మేం మానలేదు. కొట్టాక అసలు సంగతి మొత్తం కళ్ళముందుంటుంది. తాజా గుడ్డు ప్లేట్‌లో కొడితే పచ్చసొన బొడిపెలా లేచి నిలబడుతుంది, దాని చుట్టూ చిక్కటి తెల్లసొన గట్టు కట్టినట్టు ఉంటుంది, ఆ బయట కొంచెమే నీరు. పాతదైతే పచ్చసొన చదునుగా పరుచుకుపోతుంది, తెల్లసొన ప్లేట్ చివరిదాకా పారుతుంది. గుడ్డు బరువుకీ చిక్కటి తెల్లసొన ఎత్తుకీ లెక్క కట్టి తాజాదనానికి మార్కులేసే పద్ధతిని రేమండ్ హా అనే ఆయన 1937లో పెట్టాడు, ఇప్పటికీ హా యూనిట్లు అనే అంటారు, 72 దాటితే మొదటి రకం. మనకి అంత కొలత అక్కర్లేదు, కన్ను చాలు.

ఇక్కడ చాలామంది రివర్స్‌లో అనుకునేది ఒకటుంది. తెల్లసొన కొంచెం మసగ్గా, పల్చటి పాలు కలిసినట్టు ఉంటే పాడైపోయిందని పారేస్తారు. అది బాగా తాజా గుడ్డు. పెట్టిన కొత్తలో లోపల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అలా ఉంటుంది, అది రంధ్రాల్లోంచి పోయేకొద్దీ తెల్లసొన తేటబడుతుంది. అదే కారణానికి బాగా తాజా గుడ్డు ఉడకబెడితే పెంకు సరిగ్గా ఒలవదు, తెల్లసొన ముక్కలుగా పెంకుతోనే వచ్చేస్తుంది, వారం పది రోజులైనది చక్కగా ఒలుస్తుంది. ఉడకబెట్టడానికి ఇప్పుడు మేం లైట్‌లో చూసి గాలి గది కొంచెం పెరిగినవే ఏరి తీస్తున్నాం, ఇది మా ఆవిడ కనిపెట్టింది, నాకు తట్టలేదు. పచ్చసొన ముదురు రంగులో ఉంటే తాజాది లేతగా ఉంటే పాతది అనేది కూడా నిజం కాదు, అది కోడి ఏం తిందన్నదాన్ని బట్టి వస్తుంది. చిన్న రక్తపు చుక్క కనిపించినా భయం లేదు, గుడ్డు తయారయ్యేటప్పుడు సన్నటి నరం చిట్లితే పడుతుంది, స్పూన్‌తో తీసేసి వండుకోవచ్చు. తెల్లసొన గులాబీ రంగులోకో ఆకుపచ్చగానో తిరిగితే మాత్రం వాసన చూడకుండానే పారెయ్యండి, అది క్రిమి పని.

ఫోన్ టార్చితో పనవదా అని అడుగుతారు. అవుతుంది, నేనే చేసి చూశా. గట్టి అట్టకి రూపాయి బిళ్ళ కంటే చిన్న కన్నం చేసి ఫోన్ లైట్ మీద పెట్టి, ఆ కన్నానికి గుడ్డు ఆనిస్తే తెల్ల గుడ్లలో గాలి గది బాగానే తెలుస్తుంది. పచ్చసొన నీడ, వెంట్రుక పగుళ్ళు మాత్రం అంత స్పష్టంగా రావు, పక్కలనించి వెలుగు కారి కళ్ళు అలవాటు పడవు. ఒకసారి అలా చేసి చూసుకుని మీకు ఉపయోగం ఉందనిపిస్తేనే కొనండి, ముందే కొనక్కర్లేదు.

పక్కింటి పిన్నిగారికి నేనైతే వద్దనే చెప్పా. "మీకు మూడే పెట్టలు కదండీ, రోజూ మీరే తీస్తారు, గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాసి ఫ్రిజ్‌లో లావువైపు పైకి పెట్టుకోండి, ఎప్పుడైనా దాచిన గుడ్లు దొరికితే నా లైట్ పట్టుకెళ్ళండి" అన్నా. పెన్ కాదు పెన్సిలే వాడమని కూడా చెప్పా. కోళ్ళు బయట తిరిగి ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టే వాళ్ళు, పుంజు ఉన్న వాళ్ళు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు గుడ్లు తీసే వాళ్ళు, ఒకేసారి రెండు మూడు డజన్లు నిలవుండే వాళ్ళు మాత్రం తప్పకుండా కొనుక్కోవాల్సిన వస్తువు. ఈ 8 నెలల్లో మా ఇంట్లో వంట గిన్నెలో మురిగిన గుడ్డు ఒక్కటి కూడా పడలేదు.

5కి 4 స్టార్లు ఇస్తున్నా. ఆ రబ్బరు కప్పు విడిగా అమ్మడం మొదలెట్టిన రోజు వచ్చి ఐదోది కూడా ఇచ్చేస్తా.